తివాచీ తగవు... టచ్‌ఫోను తీర్పు!

ఫోను మూలలు గుండ్రంగా ఉన్నందుకు ఏడేళ్లు యుద్ధం. వేలితో పక్కకి జరిపితే తాళం తెరుచుకోవడం లాంటి కొన్నిటికి దాదాపు 12 కోట్ల డాలర్ల పరిహారం. స్మార్ట్‌ఫోను కంపెనీల మధ్య ఇలాంటి తగవులు ఒకటా రెండా! విచిత్రం ఏంటంటే, వాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని తేల్చడానికి పనికొచ్చినవి గుర్రబ్బళ్ల కాలం నాటి చెంచాలూ, తివాచీలూ!

జేబులోంచి ఫోను తీసి ఒక్కసారి చూడండి. ముందువైపు నున్నటి గాజు పలక. నాలుగు మూలలూ గుండ్రంగా ఉంటాయి. తెర మీద వరసలు వరసలుగా రంగురంగుల బొమ్మలు. పేర్ల జాబితాని పైకి తోసుకుంటూ పోతే చివరికి వెళ్లి, గోడకి తగిలిన బంతిలా చిన్నగా వెనక్కి వస్తుంది. ఫొటో మీద రెండు వేళ్లు పెట్టి విడదీస్తే పెద్దదవుతుంది. బడికి వెళ్లని పిల్లలకి కూడా ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తున్న విద్యలివి. కానీ వీటిలో ఒక్కోదానికీ ఒకప్పుడు ఓ యజమాని ఉన్నాడు. అతని చేతిలో కాగితాలున్నాయి. ఆ కాగితాలు పట్టుకుని ఖండాలు దాటి మరీ కోర్టు మెట్లెక్కాడు.

ఆ యజమాని యాపిల్. ఎదుటివాడు శాంసంగ్.

ఒకరికొకరు కావాల్సినవాళ్లే!

2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ తొలి ఐఫోన్‌ని లోకానికి చూపించాడు. తెరని వేలితో నడిపించే పద్ధతిని వివరిస్తూ, దాని మీద పేటెంట్లు కూడా తీసుకున్నామని వేదిక మీదే చెప్పాడు. జనం నవ్వారు. అది నవ్వులాట కాదని మిగతా కంపెనీలకి తర్వాత అర్థమైంది.

పేటెంటంటే ఏంటి? కొత్తదాన్ని కనిపెట్టినవాళ్లకి ప్రభుత్వం కొంతకాలం ఇచ్చే గుత్తహక్కు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లూ వాళ్ల అనుమతి లేకుండా దాన్ని ఇంకొకరు తయారుచేయకూడదు, అమ్మకూడదు. బదులుగా వాళ్లు ఆ కిటుకేంటో అందరికీ తెలిసేలా రాసివ్వాలి. గడువు తీరాక అది ఊరుమ్మడి సొత్తు. పనిచేసే తీరుకి ఇచ్చేది ఒకరకం హక్కు. వస్తువు రూపానికి ఇచ్చేది ఇంకొకరకం. అమెరికాలో రెండోదాన్ని డిజైన్ పేటెంటు అంటారు. మనదేశంలో దానికి 2000 నాటి డిజైన్ల చట్టం వేరేగా ఉంది. ముందు పదేళ్లు, పొడిగించుకుంటే మరో అయిదేళ్లు రక్షణ.

2011 ఏప్రిల్ 15న యాపిల్ కాలిఫోర్నియాలో శాంసంగ్ మీద దావా వేసింది. గెలాక్సీ ఫోన్లు అచ్చం మా ఐఫోన్‌ లాగే ఉన్నాయన్నది ఫిర్యాదు. శాంసంగ్ ఊరుకోలేదు. మా సెల్‌ఫోను సాంకేతికతని మీరూ వాడుకున్నారంటూ ఎదురు దావాలు వేసింది. ఇక్కడో తమాషా ఉంది. అప్పటికి ఐఫోన్‌కి గుండెకాయలాంటి ప్రాసెసర్‌ని తయారుచేసి ఇస్తున్నది శాంసంగే! కోర్టులో కత్తులు దూసుకుంటూనే వీళ్లు వాళ్లకి చిప్పులు అమ్మారు, వాళ్లు వీళ్లకి డబ్బులు కట్టారు. 2017లో వచ్చిన ఐఫోన్ టెన్‌కి తెరలు ఇచ్చిందీ శాంసంగే. దాయాదుల పొలం తగాదా కోర్టులో ఉన్నా, కాలవ నీళ్లు మాత్రం కలిసి పెట్టుకుంటారే... అలాగన్నమాట.

సినిమా సాక్ష్యం, జడ్జిగారి చురక

ఆ రెండేళ్లూ ఈ తగవు తిరగని దేశం లేదనిపించింది. జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్ కోర్టు 2011 ఆగస్టులో గెలాక్సీ ట్యాబ్ అమ్మకాల్ని ఆపేసింది. అదే నెలలో శాంసంగ్ అమెరికా కోర్టుకి ఓ వింత ఆధారం సమర్పించింది. 1968లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాలోని ఒక దృశ్యం అది. అందులో వ్యోమగాములు భోంచేస్తూ బల్లమీద ఉన్న పలకల్లాంటి తెరల్ని చూస్తుంటారు. 'ఇలాంటి రూపం యాపిల్ పుట్టకముందే ఉంది కదా' అన్నది శాంసంగ్ వాదన.

ఇంగ్లండులో న్యాయమూర్తి కొలిన్ బిర్స్ 2012 జులైలో శాంసంగ్ వైపే తీర్పిచ్చాడు. అయితే ఆయన చెప్పిన కారణం విని శాంసంగ్‌కి నవ్వాలో ఏడవాలో తెలిసుండదు. యాపిల్ వస్తువుకున్న సొగసు శాంసంగ్‌ దానికి లేదు కాబట్టి, చూసినవాళ్లు రెంటినీ ఒకటే అనుకోరట! పైగా శాంసంగ్ కాపీ కొట్టలేదని యాపిల్ తన సొంత వెబ్‌సైటులోనే ప్రకటన వేసుకోవాలని ఆదేశించారు. యాపిల్ వేసింది కానీ, కింద తన మాటలు కూడా కలిపింది. అప్పీలు కోర్టుకి కోపమొచ్చి మళ్లీ రాయించింది.

2012 ఆగస్టు 24న సియోల్ కోర్టు 'ఇద్దరిదీ తప్పే' అని చెప్పి ఇద్దరికీ చిన్నచిన్న మొత్తాలు వేసింది. సరిగ్గా అదే తేదీన అమెరికాలోని శాన్‌జోస్‌లో తొమ్మిదిమంది జ్యూరీ సభ్యులు ఇంకో తీర్పు చెప్పారు. మూడురోజుల్లోపే చర్చ ముగించి, శాంసంగ్ యాపిల్‌కి 105 కోట్ల డాలర్లు కట్టాలన్నారు. అప్పటి లెక్కన దాదాపు 5,800 కోట్ల రూపాయలు!

జ్యూరీని కదిలించిన సాక్ష్యాల్లో ఒకటి శాంసంగ్ సొంత కాగితమే. 2010లో ఆ కంపెనీ ఉద్యోగులు తయారుచేసిన 132 పేజీల నివేదిక అది. ఐఫోన్‌నీ గెలాక్సీనీ పక్కపక్కన పెట్టి, ఒక్కో తెరా పోల్చి, మనది ఎక్కడ వెనకబడిందో, ఎలా మార్చాలో అందులో రాసుకున్నారు. పోటీదారు సరుకుని విప్పి చూడని వ్యాపారి ఉండడు, నిజమే. కానీ చూసి నేర్చుకోవడానికీ, చూసి రాయడానికీ మధ్య గీత ఎక్కడుంది? పరీక్ష హాల్లో తేలిగ్గా తేల్చే ఈ ప్రశ్న దగ్గరే కోర్టులు ఏళ్లతరబడి తలలు పట్టుకున్నాయి.

చెంచా చెప్పిన సూత్రం

రెండు వస్తువులు ఒకేలా ఉన్నాయని ఎవరు చెప్పాలి? ఇంజినీరా, లాయరా, కొనేవాడా? దీనికి అమెరికా సుప్రీంకోర్టు 1871లోనే జవాబిచ్చింది. గోర్హమ్ అనే వెండిసామాన్ల కంపెనీ తన చెంచాలూ ఫోర్కుల పిడి మీద ఉన్న నగిషీని వైట్ అనే అతను కాపీ కొట్టాడని కోర్టుకెక్కింది. నిపుణుడి కంటికి తేడాలు ఇట్టే కనిపిస్తాయి. కోర్టు మాత్రం నిపుణుడి కన్ను మనకెందుకంది. మామూలుగా కొనేవాడు మామూలుగా పెట్టే శ్రద్ధతో చూసి, ఒకటనుకుని ఇంకోటి కొనేలా ఉంటే అది కాపీయే అని తేల్చింది. నూటనలభై ఏళ్ల తర్వాత ఫోన్లని పక్కపక్కన పెట్టి చూసిన జ్యూరీ వాడింది కూడా ఆ చెంచా సూత్రమే.

సరే, కాపీ అని తేలింది. ఎంత కట్టించాలి? ఇక్కడికి తివాచీ వచ్చింది.

1880లలో ఫిలడెల్ఫియాకి చెందిన డాబ్సన్ సోదరులు వేరేవాళ్ల తివాచీ డిజైన్లు వాడారని కేసు నడిచింది. కాపీ అని రుజువైంది కూడా. అయినా 1885లో సుప్రీంకోర్టు ఇప్పించిన పరిహారం ఎంతో తెలుసా? ఆరు సెంట్లు! తివాచీ అమ్ముడుపోయింది నూలు బాగుండా, నేత బాగుండా, ధర తక్కువై ఉండా, డిజైను నచ్చా... లాభంలో డిజైను వాటా ఎంతో ఫిర్యాదీ రుజువు చేయలేకపోయాడన్నది కారణం. తివాచీ పరిశ్రమ గగ్గోలు పెట్టింది. దాంతో 1887లో అమెరికా పార్లమెంటు కొత్త చట్టం తెచ్చింది. డిజైను దొంగిలించినవాడు ఆ వస్తువు మీద వచ్చిన లాభం మొత్తం, 250 డాలర్లకు తగ్గకుండా కట్టాలంది.

తివాచీకి ఆ న్యాయం సబబే. డిజైను పోతే తివాచీలో మిగిలేది తక్కువ. మరి ఫోనుకి? అందులో కెమెరా ఉంది, బ్యాటరీ ఉంది, మెమరీ ఉంది, సిగ్నల్ పట్టే చిప్పుంది, వేలకొద్దీ ఇతర సంగతులున్నాయి. మూలలు గుండ్రంగా ఉన్నాయని మొత్తం లాభం ఇచ్చేయాలా? పెళ్లిభోజనంలో అప్పడం అదిరిందని అప్పడాలవాడికి మొత్తం వంటల బిల్లు కట్టినట్టు లేదూ!

శాంసంగ్ అడిగిందీ ఇదే. 105 కోట్ల డాలర్లలో కొంత భాగం లెక్కలు తప్పాయని న్యాయమూర్తి లూసీ కో ముందే పక్కన పెట్టారు. మళ్లీ విచారణలు, మళ్లీ అప్పీళ్లు. చివరికి శాంసంగ్ 2015 డిసెంబరులో 54.8 కోట్ల డాలర్లు కట్టి, అందులో డిజైన్ల కింద వేసిన 39.9 కోట్ల మీద సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2016 డిసెంబరు 6న ఎనిమిదిమంది న్యాయమూర్తులూ ఒకే మాట చెప్పారు. 'వస్తువు' అంటే కొనేవాడి చేతికొచ్చే మొత్తం ఫోనే కానక్కర్లేదు, అందులో ఒక భాగం కూడా కావచ్చు అన్నారు. ఏది ఎప్పుడు లెక్కలోకి తీసుకోవాలో మాత్రం చెప్పకుండా కింది కోర్టుకి పంపారు.

శాంసంగ్ గెలిచినట్టే అనుకున్నారంతా. 2018 మేలో కొత్త జ్యూరీ కూర్చుంది. 2.8 కోట్ల డాలర్లు చాలని శాంసంగ్, 100 కోట్ల పైమాటేనని యాపిల్ వాదించాయి. జ్యూరీ డిజైన్లకు 53.3 కోట్లు, మిగతావాటికి ఇంకో అరకోటి వేసింది. అంటే సుప్రీంకోర్టులో గెలిచివచ్చాక డిజైన్ల పద్దు 39.9 నుంచి 53.3కి పెరిగింది! ఆ మరుసటి నెలే, 2018 జూన్‌లో ఇద్దరూ బయట రాజీపడ్డారు. షరతులు బయటపెట్టలేదు.

పేటెంట్ల సంతలో 'పై' పాట

ఈ యుద్ధం చూసి మిగతా కంపెనీలకి ఒక సంగతి బోధపడింది. పేటెంట్లు పంట కాపాడుకునే కంచెలే కాదు, ఎదుటివాడి మీదికి విసిరే రాళ్లు కూడా. చేతినిండా రాళ్లుంటే ఎదుటివాడు మన జోలికి రాడు. అంతే, కొనుగోళ్లు మొదలయ్యాయి.

కెనడాకు చెందిన నార్టెల్ కంపెనీ దివాలా తీసి 2011లో తన దాదాపు 6,000 పేటెంట్లని వేలానికి పెట్టింది. గూగుల్ ఆండ్రాయిడ్‌ని కాపాడుకోవాలని పాటలోకి దిగింది. అది పాడిన అంకెలు చూసి ఎదుటివాళ్లు బిత్తరపోయారు. ఒకసారి 314.159 కోట్ల డాలర్లు అంది. లెక్కల పుస్తకంలో 'పై' విలువ! చివరికి యాపిల్, మైక్రోసాఫ్ట్, సోనీ, ఎరిక్‌సన్ వగైరాలు జట్టుకట్టి 450 కోట్ల డాలర్లకి పాట దక్కించుకున్నాయి. ఆ తర్వాత కొద్దివారాలకే, 2011 ఆగస్టులో, గూగుల్ 1,250 కోట్ల డాలర్లకి మోటరోలా మొబిలిటీని కొంటున్నట్టు ప్రకటించింది. దాని వెంట 17,000 పేటెంట్లు వస్తాయన్నదే అసలు ఆశ. మూడేళ్లు తిరక్కుండా, 2014 జనవరిలో, ఫోన్ల వ్యాపారాన్ని 291 కోట్లకి లెనోవోకి అమ్మేసి ఎక్కువ పేటెంట్లు తన దగ్గరే ఉంచుకుంది.

మైక్రోసాఫ్ట్‌ది ఇంకో దారి. ఆండ్రాయిడ్ దానిది కాదు. అయినా అందులో తన పేటెంట్లున్నాయంటూ ఫోన్ల కంపెనీలతో ఒప్పందాలు రాయించుకుంది. శాంసంగ్ ఒక్క ఏడాదిలో తమకి వంద కోట్ల డాలర్లకు పైగా కట్టిందని 2014లో కోర్టు కాగితాల్లో బయటపడింది. సొంత విండోస్ ఫోన్లు అమ్ముడుపోకపోయినా, ఎదుటివాడి ఫోన్ల మీద మైక్రోసాఫ్ట్ డబ్బు చేసుకుందన్నమాట.

సిగ్నల్‌కీ కప్పం

ఇంతవరకూ చెప్పుకున్నది పెద్దల తగవు. ఇక మన జేబుకి సంబంధించిన సంగతి.

గుండ్రటి మూలలు వద్దనుకుంటే పలక మూలలతో ఫోను చేసుకోవచ్చు. కానీ టవరుతో మాట్లాడే పద్ధతి అలా మార్చుకోలేం. 5జీకి ప్రపంచమంతా ఒకే ప్రమాణం. ఆ ప్రమాణంలో ఎరిక్‌సన్, నోకియా, క్వాల్‌కామ్, శాంసంగ్, హువావే లాంటివాళ్ల ఆవిష్కరణలు వేలసంఖ్యలో ఉన్నాయి. వాటిని తప్పించుకుని ఫోను తయారుచేయడం అసాధ్యం. ఊరికి ఒకే వంతెన ఉండి, దాని మీద టోలు గేటు ఉన్నట్టు. అందుకే ఇలాంటి పేటెంట్లున్నవాళ్లు న్యాయమైన, సమంజసమైన, అందరికీ ఒకేలాంటి ధరకి అనుమతివ్వాలని ఒప్పుకుంటారు. మాట బాగానే ఉంది. 'న్యాయమైన ధర' ఎంత? చిప్పు ఖరీదులో వాటానా, మొత్తం ఫోను ఖరీదులో వాటానా? అదే చిప్పు పదివేల ఫోనులో ఉంటే ఒకరేటు, లక్ష ఫోనులో ఉంటే దానికి పదిరెట్లా?

2013 జూన్‌లో ఇలాంటి పేటెంటు ఆధారంగానే శాంసంగ్ కొన్ని పాత ఐఫోన్లూ ఐప్యాడ్లూ అమెరికాలోకి రాకుండా వాణిజ్య కమిషన్ నుంచి ఉత్తర్వు తెచ్చుకుంది. ఆగస్టులో ఒబామా ప్రభుత్వం దాన్ని కొట్టేసింది. 1987 తర్వాత అలా చేయడం అదే మొదలు. వంతెన యజమాని టోలు అడగొచ్చు కానీ గేటు మూసేయడమేంటన్నది దాని సారాంశం.

మనదేశంలో ఆ గేటు 2013లో పడింది. ఆ ఏడాది మార్చిలో ఎరిక్‌సన్ ఢిల్లీ హైకోర్టులో మైక్రోమ్యాక్స్ మీద దావా వేసి వంద కోట్ల రూపాయలు అడిగింది. తర్వాత ఇంటెక్స్, లావా, షామీ... అందరూ వరసలోకి వచ్చారు. 2014 జులైలో ఫ్లిప్‌కార్ట్ ద్వారా ఇక్కడ అడుగుపెట్టిన షామీకి అదే డిసెంబరులో హైకోర్టు బ్రేకు వేసింది. కొద్దిరోజులకి క్వాల్‌కామ్ చిప్పు ఉన్న ఫోన్లని, ఒక్కోదానికి వంద రూపాయలు డిపాజిట్ చేసి అమ్ముకోవచ్చంది. ఎందుకంటే ఆ చిప్పుల మీద ఎరిక్‌సన్ అనుమతి ఉందని షామీ వాదన. మరుసటి ఏడాది ఆగస్టులో షామీ మన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ తయారుచేసిన రెడ్‌మీ 2 ప్రైమ్‌ని విశాఖపట్నంలో విడుదల చేసింది. దాంట్లో ఉన్నదీ క్వాల్‌కామ్ చిప్పే.

ఎరిక్‌సన్ అడుగుతున్నది అన్యాయమంటూ మైక్రోమ్యాక్స్, ఇంటెక్స్ కాంపిటీషన్ కమిషన్‌ తలుపు తట్టాయి. కమిషన్ దర్యాప్తుకి ఆదేశించింది. పేటెంటు విషయాల్లో కమిషన్‌కి ఆ అధికారం లేదని 2023 జులైలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి తేల్చింది. 2024 మార్చిలో లావా ఎరిక్‌సన్‌కి 244 కోట్ల రూపాయలు చెల్లించాలని అదే హైకోర్టు తీర్పిచ్చింది.

ఎరిక్‌సన్ వైపూ న్యాయం లేకపోలేదు. 2012లో సోనీకి తన వాటా అమ్మేసి అది ఫోన్ల తయారీ నుంచే తప్పుకుంది. కానీ సిగ్నల్ సాంకేతికత మీద పరిశోధనకి ఏటా కోట్లు పోస్తూనే ఉంది. ఆ కష్టానికి ఫలితం దక్కకపోతే రేపటి 6జీ ఎవరు కనిపెడతారు? ఇటు చూస్తే, యాపిల్, శాంసంగ్‌లకి బదులు తీర్చుకోవడానికి సొంత పేటెంట్లున్నాయి. నువ్వొకటి విసిరితే నేనొకటి విసురుతానని చివరికి చేతులు కలుపుతారు. మన కంపెనీల చేతిలో రాళ్లు లేవు. ఎక్కువభాగం బయటి నుంచి సరుకు తెచ్చి పేరు అంటించి అమ్మినవాళ్లే. తక్కువ ధర ఫోను మీద మిగిలే కొద్దిపాటి లాభంలోంచి కప్పం కట్టాలి. కట్టలేకపోతే కోర్టుకెళ్లాలి. ఈ రెండింటి ఖర్చూ కొంతైనా చేరేది మనం కొనే ఫోను ధరలోకే.

మన పిల్లలకి పాఠం

ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ కథకి ఇంకో ప్రయోజనం ఉంది. ఆలోచన గొప్పదైతే సరిపోదు, సమయానికి కాగితం మీద పెట్టాలి. ఎక్కడైనా ప్రదర్శించాకో, పత్రికలో అచ్చయ్యాకో దరఖాస్తు పెడితే 'ఇది కొత్తదేం కాదు' అని తిరగ్గొట్టే ప్రమాదం ఉంది. మన రెండు రాష్ట్రాలూ చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తాయి. ఒట్టి కంప్యూటర్ ప్రోగ్రాముకి మన చట్టం పేటెంటివ్వదు. 1970 చట్టంలోని 3(కె) సెక్షన్ ఆ సంగతి స్పష్టంగా చెబుతోంది. అమెరికాలో వేలి కదలికలకి కూడా హక్కులిచ్చి ఏళ్లతరబడి పడిన తంటాలు చూస్తే, మనవాళ్లు ఆ గేటు బిగించి ఉంచడంలో తెలివి లేకపోలేదనిపిస్తుంది.

ఆ వేలి కదలిక సంగతి చెప్పి ముగిద్దాం. తెర మీద వేలు పక్కకి జరిపితే ఫోను తెరుచుకోవడం మాదేనని యాపిల్ వాదన. అలాంటిదే ఐఫోన్ కన్నా ముందే స్వీడన్‌కి చెందిన నియోనోడ్ ఫోనులో ఉందంటూ ఇంగ్లండు కోర్టు 2012లో, జర్మనీ అత్యున్నత కోర్టు 2015లో ఆ పేటెంటుని కొట్టేశాయి. అమెరికాలో మాత్రం 2014లో జ్యూరీ ఆ కదలికతో పాటు మరికొన్నిటికి 11.96 కోట్ల డాలర్లు వేసింది. తీర్పు ఒకసారి తిరగబడి, మళ్లీ నిలబడింది. చివరికి 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఇక విననంది. యాపిల్ గెలిచింది.

అప్పటికి ఏడాది ముందే, 2016లో వచ్చిన ఐఓఎస్ 10 నుంచి ఆ కదలికని యాపిల్ స్వయంగా తీసేసింది!